కాకి తిన్న బీట్‌రూట్

ఈరోజు మీ మొదటి తెవసం. మీరు పోయి ఏడాదైంది. ఇంటికొచ్చే పెట్టె సంగతి చెప్పాలి.

ప్రతి ఆదివారం సైకిలేసుకొని రైతులే అమ్ముకునే ఉళవర్ సంతకు పోయి, వంకాయను వేళ్లతో నొక్కి చూడనిదే కొనేవారు కాదు మీరు. ఇప్పుడు కోడలు ఫోన్‌లోనే చందా కట్టేసింది. అవినాశి ఊరి పక్క తోటల నుంచి వారానికోసారి కాయగూరల పెట్టె గుమ్మం దగ్గరికి వస్తుంది. ఏం పంపాలన్నది తోటవాళ్ల ఇష్టం.

తెవసం నాటి అరిటాకులో పోయినవాళ్లకు ఇష్టమైనవే పెట్టాలి. ఈ వారం పెట్టెలో వంకాయ లేదు, బీట్‌రూట్ ఉంది.

"మామకి వంకాయ కదా పిడిక్కును, అంగడికి పోయి తెచ్చేనా అత్తా?" అంది కోడలు, మీ ఇష్టం గుర్తుచేస్తూ.

"వద్దులేమ్మా, వచ్చిందే చేద్దాం" అన్నాను.

మీ పటం ముందు ఆకు వేసి, మొదటి ముద్ద మేడమీద కాకికి పెట్టాం. అది అన్నం వదిలేసి బీట్‌రూట్ ముక్కలే ఏరుకుని తింది.

"చూడండత్తా, మామకి రొంబ పిడిచిపోయింది, ఎంత ఇష్టంగా తింటున్నారో!" అని కోడలు నవ్వింది.

అది మీరు కాదని నాకు తెలుసు. "రగతం రంగు కూర నా ఇంట్లో వద్దు" అని పెళ్లైన కొత్తలోనే అన్నారు. ముప్పై నాలుగేళ్లు వండలేదు.

మధ్యాహ్నం మీ ఆకు ముందు నేనే కూర్చున్నాను. బీట్‌రూట్ రెండోసారి కూడా వేసుకున్నాను. మా అమ్మ చేసినట్టే కుదిరింది.

నాకది చాలా ఇష్టం. మీకెప్పుడూ చెప్పలేదు.