వంకర కుట్టు

ఒరేయ్ ఖాజా,

నువ్వు ఉత్తరాల్లో రాసే ట్వెల్వ్ మీటర్ తెరచాప పడవల పందెం ఇవాళ హోటల్ టీవీలో చూపించారురా. ఆస్ట్రేలియా సముద్రం మీద గాలి చావబాదుతోంది. ఒక పడవలో తెరచాప కట్టిన స్తంభం ఫెళ్లున విరిగి, మనిషి నీళ్లలో పడ్డాడు. మిగతా పడవల తెరచాపలు పగిలిపోయేలా ఉబ్బాయి గానీ, ఒక్క అతుకూ విచ్చలేదు.

"వంకరగా కుడితే గాలికి అతుకు సాగుద్దన్నా, తెగదు. బొంబాయిలో పందెం పడవల తెరచాపలకు ఇదే కుట్టు" అన్నావు, అక్కడి తెరచాపల కొట్టు నుంచి సెలవుకొచ్చినప్పుడు. మన పిడుగురాళ్ల కొట్లో సున్నం లారీ మీద కప్పే పట్టాకు అలాగే కుట్టావు.

"ఏందిరా ఇది, తాగి కుట్టావా?" అని ఇనప స్కేలుతో నీ వేళ్లు చితికేదాకా కొట్టాను. ఆ చేత్తోనే రైలెక్కావు. నెల తిరక్కుండా జ్వరంతో పోయావని కబురొచ్చింది. వెనకే నీ ట్రంకుపెట్టె వచ్చింది.

ఇవాళ టీవీ చూసొచ్చి, ఓ లారీ పట్టాకు నీ వంకర కుట్టే వేశాను. డ్రైవరు దాన్ని నా మొహాన విసిరికొట్టి, "ఏంది సాయిబూ, తాగి కుట్టావా?" అన్నాడు.

వాడి కాలరు పట్టుకుని గోడకేసి కొట్టాను. "మా తమ్ముడి కుట్టురా అది!" అని అరిచాను. వాడు నెత్తురు తుడుచుకుంటూ పారిపోయాడు.

అప్పుడు చూసుకున్నాను. నా చేతిలో అదే స్కేలు ఉంది.