పియానో విద్వాంసుడి మూలుగు

ఆదివారం, రాత్రి

మా పెళ్లికి రాని అత్తయ్య అగ్రికో కాలనీలోని మా క్వార్టర్‌కు వచ్చి వారమైనా నాతో మాట్లాడలేదు. ఈ సాయంత్రం ధైర్యం చేసి, నాకిష్టమైన విద్వాంసుడి రొమాంటిక్ యుగపు పియానో కచేరీ రికార్డింగు పెట్టాను. నెమ్మదిగా సాగే చోట ఆయన తన్మయత్వంతో సన్నగా మూలుగుతాడు. అత్తయ్య గదిలోంచి పరుగున వచ్చారు.

"ఏటే అది? ఎవులో మూలుగుతన్నారు!"

"వాయించే ఆయనే, అత్తయ్యా."

"ఒంట్లో బాగోపోయినా వాయించమన్నారేటి ఆణ్ణి?"

నా పక్కనే కూర్చుని, చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని చివరిదాకా విన్నారు. చప్పట్లు మోగగానే, "హమ్మయ్య, ఆణ్ణి ఒగ్గేసినారు!" అన్నారు. నవ్వాపుకోలేక చచ్చాను.

పడుకోబోతూ మళ్లీ అడిగారు: "రేపటికి ఆడికి తగ్గుతాదంటావా?"

తగ్గుతుందనే చెప్పాను. మూలుగు లేని రికార్డింగు వెతకాలి. నా దగ్గరున్నవన్నీ ఆయనవే...