వాగును హద్దుగ పెట్టినం

మార్చి 14, 1984. బుధవారం. దమ్మపేట.

మా రెవెన్యూ నక్షా, అడివి శాఖోళ్ల నక్షా కలవక మూడేండ్ల నుంచి ఉత్తరాల కొట్లాట. “సర్కారు మీద సర్కారు కోర్టుకు పోతదా? ఇద్దరు కలిసి నడిచి తేల్చుకోండ్రి” అన్నరు కలెక్టరు సారు. ఇయ్యాల రేంజరూ నేనూ ఇప్పపూల వాసనల పొద్దుగూకేదాక నడిచినం. వాగే హద్దని ఒప్పుకొని ఇద్దరం సంతకాలు పెట్టినం. కలల నడిచినంత తేలిగ్గ అయిపోయింది.

అక్కడ పూలేరుకుంటున్న కోయ అవ్వ అంత ఇని, మెల్లగ అడిగింది. “పోయిన వానలకు ముందు నా చేను వాగుకు ఆ అడివి ఒడ్డున ఉండె సారూ. వాగు జరిగితే ఈ ఒడ్డుకొచ్చింది. మల్ల జరిగి చేను అడివి దిక్కు పోతే, నన్ను దున్ననిస్తరా?”

రేంజరు నా మొకం జూసిండు. నేను కాగితం జూసిన.

కండ్లు మూస్తే ఇంకా వాగు పక్కనే నడుస్తున్నట్టుంది. అది ఎవలనూ అడగకుండ, మెల్లమెల్లగ పక్కకు జరుగుతనే ఉన్నది.