నలగని పక్క

బర్కా,
శుక్రవారం.

సుగుణక్కకు,

ఫోన్లో చెబితే మీ ఇంట్లో స్పీకరు పెట్టుకుని అందరూ వింటారని ఉత్తరం రాస్తున్నాను.

మా అరబ్బు మేడం వాళ్లు పిల్లల్ని చూసుకోవడానికి నన్ను కూడా ఇంగ్లండు తీసుకెళ్లారు కదా, అక్కడొక పల్లెలో నాలుగు వందల ఏళ్ల నాటి సత్రంలో దిగాం. నాకు వేరే గది ఇచ్చారు. నేల ఎంత వాలుగా ఉందంటే, పాప గోళీని తలుపు దగ్గర వదిలితే కిటికీ దాకా దొర్లింది. ఇన్నేళ్లలో ఎంతమంది ఇక్కడ పడుకుని లేచారో అని రోజూ అనుకునేదాన్ని.

మూడో రోజు, గదులు శుభ్రం చేసే పెద్దామె మేడంని అడిగిందట, "ఆ అమ్మాయిని కింద పడుకోబెడుతున్నారా? పక్క నలగనే లేదు" అని. లేవగానే దుప్పటి ముడత లేకుండా పరిచేది నేనే. పన్నెండేళ్ల అలవాటు. మేడం మొహం కందిపోయింది. "ఐబ్ కదా, ఎంత సిగ్గుచేటు, నా పరువు పోయింది. రేపటి నుంచి నీ పక్క నువ్వు ముట్టుకోవద్దు" అంది.

మరుసటి రోజు అట్లే వదిలేసి కిందికి పోయాను. పిల్లలకు టిఫిను తినిపించాను. తిరిగొచ్చేసరికి దుప్పటి సర్ది, దిండ్లు దులిపి పెట్టి ఉన్నాయి. దాని మీద కూర్చోబుద్ధి కాక, చాలాసేపు నిలబడి చూశాను.

నువ్వూ కువైట్‌లో పదేళ్లు చేశావు. అమ్మ తర్వాత నీకెవరైనా పక్క వేసి పెట్టారా అక్కా? బాగా గుర్తు తెచ్చుకుని రాయి.

నీ చెల్లెలు