సప్పుడు తగ్గిన వాల్వు

బాపూ,

నువ్వు పోయి రేపటికి ఏడాది. ఇయ్యాల ల్యాబుల మా వాల్వు సప్పుడు తగ్గింది.

గ్యాస్ పైపుల ప్రెషర్ తగ్గించే వాల్వు ఈలేసినట్టు గట్టిగ మోగుతది. పక్కన పనిచేసేటోళ్ల చెవులు పాడైతయి. దాని మోత తగ్గించుడే నీ బిడ్డ రీసెర్చి అని ఒకనాడు నీ చెవుల ఒర్రి చెప్తే, చెవి పట్టుకొని నవ్వినవ్, యాదికున్నదా?

మోత ఎక్కడ పుడుతుందో మైకులు పెట్టి నెలల కొద్ది ఎతికినం, తెల్వలే. ఇగ నీ తీరుగ చేసిన. కుంఠా నాకా కాడి కార్ఖానాల తువ్వాళ్లు నేసే సాంచాల మోతకు చెవులు పోయినంక, నువ్వు ఒక్కొక్క సాంచా మీద అరచెయ్యి పెట్టి ఏది తేడా కొడుతుందో చెప్పేటోనివి. నేను అట్లనే పైపు మీద చెయ్యి జరుపుకుంట పోయిన. వాల్వు దాటినంక జానెడు దూరంల వణుకు ఎక్కువున్నది. ఆడ లోపల సన్న బొక్కల జాలీ పెట్టినం. మోత పడిపోయింది.

"సార్, తగ్గింది!" అని సాంచాల నడుమ నిన్ను పిలిచినట్టే ఒర్రిన. అందరు ఉలిక్కిపడ్డరు. రీసెర్చి చేయించే మా సారు నవ్వి, "మెల్లగ చెప్పు బేటా, ఇప్పుడు వినొస్తుంది కదా" అని మరాఠిల అన్నడు.

ఈ ఉపాయం ఎవరిదో రాయనీకి రిపోర్టుల జాగ లేదు. అందుకే నీకు రాస్తున్న.

ఇంటికొచ్చి నీ ఫోటో ముందల నిలబడి ముచ్చటంత గట్టిగ చెప్పిన. మన నీలం నగర్ గల్లీ అంత వినొచ్చి ఉంటది. బీడీలు చుట్టుకుంట కూసున్న అమ్మ మాత్రం మెల్లగ చెప్పమనలే.