ఎర్రబడ్డ రొయ్యలు

ఆదివారం రాత్రి

డ్యూటీ నుంచి వచ్చేసరికి గాజు తొట్టిలో రొయ్యలు లేవు. భద్రాచలం వైపు వాగులో పట్టి తెచ్చినవి. చుట్టూ ఏ రంగుంటే ఆ రంగుకు తిరిగే రకం. అడుగున ఇటుక ముక్కలు పరిచాక పచ్చవి ఎర్రబడ్డాయి.

అమ్మ చెప్పింది: "కూరల ఉడికినట్టు ఎర్రగైనయ్ బిడ్డా. సచ్చినయ్ అనుకొని కరివేపాకు చెట్టు మొదట్ల పారబోసిన."

పారబోస్తుంటే ఎగిరే ఉంటాయి. అమ్మకు చూపు సరిగా ఆనదు. బతికున్నవని తెలిస్తే ఈ పూట అన్నం ముట్టదు.

తొట్టిలో నాచు మధ్య ఒకటి మిగిలింది. అక్కడే ఉంది కాబట్టి పచ్చగానే ఉంది. పొట్ట కింద గుడ్లున్నాయి. ఇటుక మీదికి దిగితే అదీ ఎర్రబడుతుంది.

ఇటుక ముక్కలన్నీ ఏరి బయట పడేశాను.

"ఎందుకు తీసినవ్?"

"ఇటుక పడలేదమ్మా వాటికి."

ఆ ఇటుకను తిట్టుకుంటూనే పడుకుంది.