గౌరి నాలుక తప్పు

బర్మామైన్స్, జంషెడ్‌పూర్,
ఆగస్టు 1979.

చిరంజీవి గౌరికి అమ్మ మనసారా దీవించి రాసేది. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. నువ్వే బాగాలేవని కవరు విప్పగానే తెలిసింది. ఎప్పుడూ అంచుల్లో కూడా ఖాళీ లేకుండా రాసేదానివి, ఈసారి ఒక్క కాగితమైనా నిండలేదు.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. నాన్నకు దగ్గు తగ్గింది. నానమ్మ మోకాళ్ళు నొప్పంటూనే జుగ్సలాయి బజారుకు నడిచి వెళ్ళి, చింతపండు బాగాలేదని కొట్టువాడితో తగువు పెట్టుకుని మరీ వచ్చింది. మీ చెల్లి చిలకమ్మ నేను తెలుగులో అడిగితే హిందీలో జవాబిస్తోంది. తిడితే "అచ్ఛా బాబా" అంటుంది. దాన్నేం చెయ్యాలో నువ్వే చెప్పు.

నీ ఉత్తరం నానమ్మకు కూడా చదివి వినిపించాను. మద్రాసులో మీ సంగీత పాఠశాలలో అందరి ముందూ కీర్తన పాడుతూ 'చూస్తావా' అన్నచోట 'చూత్తావా' అనేశావనీ, పిల్లలంతా పగలబడి నవ్వారనీ రాశావు. గురువుగారేమో "మీ ఇళ్ళ నాలుకకు సాహిత్యం తిరగదమ్మా, గాత్రం మానేసి వయొలిన్ తీసుకో, దానికి మాటలతో పనిలేదు" అన్నారట. నానమ్మకు తప్పెక్కడుందో అర్థమే కాలేదు. "సూత్తావా అనక మరేటంతారే?" అంది. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఉత్తరం రాసేటప్పుడు నా చేతికి బడిలో నేర్చిన భాష వస్తుంది గానీ, నోరు తెరిస్తే నాదీ నానమ్మ మాటే కదా.

గురువుగారు నిన్ను గాత్రం పరీక్షకు పంపకపోతే ఏమవుతుందో నాకు తెలుసు. రేపు కచేరీ చెయ్యాలన్నా, నలుగురికి పాట చెప్పుకుని బతకాలన్నా నీకు దారి మూసుకుపోయినట్టే. అన్నం మానేసైనా పాడే పిల్లవి, నోరు కట్టేసుకుని ఎలా ఉంటావే!

మనసాగక ఆదివారం టెల్కో కాలనీకి వెళ్ళి, నీకు మొదట సరళీ స్వరాలు నేర్పిన సువర్ణకుమారి టీచరుగారింటి గుమ్మంలో కూర్చున్నాను. ఆవిడ చర్చి నుంచి వచ్చి, ఉత్తరం చదివి, ఒకచోట వేలు పెట్టి "సన్యాసమ్మగారూ, ఇది చూశారా?" అన్నారు. నీ పక్కన కూర్చునే అరవ అమ్మాయి 'భజన'ను 'పజన' అంటుందనీ, గురువుగారు ఎదురుగా కూర్చోబెట్టుకుని సరిగ్గా వచ్చేదాకా అనిపిస్తారనీ నువ్వు మాటవరసకు రాసిన ముక్క అది.

"ఆ అమ్మాయి తప్పు పలికితే పాఠం చెబుతున్నారు. మన గౌరి తప్పు పలికితే పుట్టుక ఎత్తుతున్నారు," అన్నారావిడ. "నేను నేర్చుకునేటప్పుడూ చర్చి గొంతుకు రాగం పట్టదన్నారు. పట్టలేదంటారా?"

"మీ పాటకేటి తక్కువమ్మా!" అన్నాను.

"గమకం సాధన చేసినట్టే పాటలో ఆ మాట కూడా సాధన చెయ్యమనండి. వచ్చేస్తుంది. ఇంట్లో మీరెలా మాట్లాడుకుంటే ఎవరికేం?"

అందుకని, ఎవరితోనూ మాట్లాడటమే మానేశానన్నావు చూడు, ఆ పని చెయ్యకు. పాడేటప్పుడు పాటకు కావలసినట్టు పలుకు. మాట్లాడేటప్పుడు నీకొచ్చినట్టు మాట్లాడు.

ఇక ఒకటి చెబుతాను, కోపం తెచ్చుకోకు. 'వచ్చేయనా అమ్మా' అన్న నీ మాట చదవగానే నాకు సంతోషం కలిగింది. అవునే, సంతోషమే. వేసవిలో వచ్చినప్పుడు నువ్వు "అలాగేనమ్మా, తరువాత భోంచేస్తానమ్మా" అంటుంటే ఎవరో పెద్దింటి పిల్ల మన ఇంటికి చుట్టపుచూపుగా వచ్చినట్టుండేది. ఆ పాట నిన్ను నా దగ్గర్నుంచి పట్టుకుపోతోందని లోపల్లోపల కుళ్ళుకున్నాను. పోనీలే, నా పిల్ల నాకు తిరిగొస్తుంది అనుకుని, నిన్ను తీసుకురమ్మని నాన్న చేత మద్రాసుకు టికెట్టు కూడా తీయించాను. తల్లినై ఉండి ఇంత పాడు ఆలోచన ఎలా చేశానో!

టీచరుగారన్నది వచ్చి నాన్నకు చెప్పాను. ఆయన సంగతి తెలుసుగా, ఒక పట్టాన మాట పెగలదు. బీడీ ఆర్పేసి, "తీసుకొచ్చి ఏటి సేత్తావు? పాట మానేసిన పిల్లని సూత్తా కూకుంతావా?" అన్నాడు.

"మరి టికెట్టో?"

"నీ పేరున మార్పిత్తాను. నువ్వెల్లు."

అందుకే నేనే బయలుదేరుతున్నాను, నిన్ను తీసుకురావడానికి మాత్రం కాదు. మీ గురువుగారి ముందు కూర్చుని, ఆ పిల్లలందరూ వింటుండగా నా మాటలోనే అడుగుతాను: "బాబూ, మా పిల్ల పాట తప్పయితే నేర్పండి, అందుకే మీ కాడికి పంపినాం. పుట్టుక తప్పంతారా, దాన్ని కన్నది నేను, ఆ మాట నాతో అనండి."

నవ్వేవాళ్ళు నవ్వుకోనీ. నువ్వు నా పక్కనే తలెత్తుకుని కూర్చో. పెట్టె సర్దేసి ఉంటే బట్టలు తీసి మళ్ళీ దండెం మీద వేసుకో.

ఇట్లు,
నిన్ను కన్న
మీ అమ్మ